గోపాలయ్య మామ వాన పుస్తకం, మాట వినని ల్యాప్‌టాప్

శ్రీ

గువ్వలబండ,
4-9-2006

చిరంజీవి భరత్‌కుమార్‌కు మామ గోపాలయ్య దీవించి రాసేది. ఈడ వాన తప్ప అందరమూ క్షేమం. ఆడ నువ్వు వేళకు తింటాండావని తలుస్తాము.

నువ్వు బెంగుళూరు నుంచి పంపిన పాత ల్యాప్‌టాప్‌ను కదిరి బస్సు కండక్టరు తెచ్చి ఇచ్చిపోయినాడు. దాన్ని కొత్త తువ్వాలలో చుట్టి పంపినావు, మంచిపని చేసినావు. తువ్వాల మీ అత్త తీసుకునింది, ఇంక దాని మీద ఆశ పెట్టుకోవద్దు. మంగళవారం వద్దని బుధవారం దాకా ఆగి, పసుపూ కుంకుమా పెట్టి, టెంకాయ కొట్టి మీట నొక్కినా. నల్లటి అద్దం మీద తెల్లటి అక్షరాలు జరజరా పారి, చివరకు పేరు అడిగింది. కొట్టినా. గుర్తుమాట అడిగింది. అదీ కొట్టినా. "లాగిన్ ఇన్‌కరెక్ట్" అనింది. పదకొండుసార్లు కొట్టినా, పదకొండుసార్లూ అదే పాట.

నా తొందర నీకు తెలిసిందే. వాన కొలిచే డబ్బా మండలాఫీసు మిద్దె మీద ఉండాది. ఆడ పడిన వాన మనకూ పడినట్టే లెక్క. ఆడ పడతాది, మధ్యలో గుట్ట ఉండాది, ఈడ దుమ్ము లేస్తాది. అందుకే గదా 1978 నుంచి నా గరాటూ గాజుగ్లాసూ పెట్టుకోని, పడినా పడకపోయినా దినమూ పుస్తకంలో రాస్తాండేది! ఊర్లో వానపిచ్చోడు అంటారు, అననీ. ఈసారి చెనిక్కాయ చెట్టు చేన్లోనే మాడిపాయ. కరువు కమిటీ అక్టోబరు పదహారున మన ఊరికే వస్తాదంట. "పుస్తకాలు మేం మోయలేం, కంప్యూటర్లో ఎక్కించి పెట్టు పెద్దాయనా, చూస్తాం" అన్నాడు ఆఫీసరు. చూపిస్తే ఊరి పేరు కరువు జాబితాకు ఎక్కుతాది. లేకుంటే ఈ ఏడూ మనది పచ్చని ఊరే.

ఎక్కించేది పెద్ద పని కాదులే. వాన పడిన దినాలే కొడితే చాలు, మిగతావన్నీ సున్నాలే. ఇరవైఎనిమిదేండ్ల వాన మూడు దినాల పని. కోనసీమలో పుట్టింటే సచ్చిపోయేవాన్ని. వెంటనే జవాబు రాయి.

ఇట్లు,
నీ మామ గోపాలయ్య,
రిటైరు బ్రాంచి పోస్టుమాస్టరు

తా.క.: పేరూ గుర్తుమాటా కార్డు మీద రాసి పంపినావు. ఒరే, కార్డంటే ఊరంతా చదివేది. ముప్పై ఏండ్లు నేను చదవలేదా? నిన్న మోటార్లు బాగుచేసే సుంకప్ప నన్ను చూసి నమస్కారం మానేసి "వి ఏ ఏ ఎన్ ఏ" అన్నాడు.


బెంగుళూరు,
8-9-2006

మామకూ అత్తకూ భరత్ నమస్కారాలు. ఇక్కడ ట్రాఫిక్ తప్ప అంతా బాగుంది.

మామా, ముందు భయపడొద్దు. ఆ ల్యాప్‌టాప్ ముసలిది. విండోసు మోసే ఓపిక దానికి లేదు, అందుకే తీసేసి తేలికైన లినక్సు ఎక్కించి పంపినా. ఇక్కడ నేనే స్వయంగా కొట్టి చూసినా, చక్కగా లోపలికి పోయింది. కాబట్టి తప్పు చిన్నదే.

రెండు సంగతులు చూడు. ఎడమ పక్కన కేప్స్‌లాక్ అనే మీట ఉంటుంది. అది నొక్కుకోని ఉంటే అక్షరాలన్నీ పెద్దవి పడతాయి, మిషను ఒప్పుకోదు. రెండోది, గుర్తుమాట కొట్టేటప్పుడు అద్దం మీద ఏమీ కనపడదు. చుక్క కూడా పడదు. అది రోగం కాదు, పక్కనోళ్ళు చూడకుండా చేసిన ఏర్పాటు.

సాయంత్రం ఊర్లో ఫోను బూతు కాడికి వస్తే నేనే చేసి చెప్తా. పది నిమిషాల పని.

మీ అల్లుడు,
భరత్

తా.క.: తువ్వాల నాది కాదు, నా రూమ్మేటుది.


శ్రీ

గువ్వలబండ,
13-9-2006

చిరంజీవి భరత్‌కు మామ దీవెనలు. ఈడ కేప్స్‌లాక్ తప్ప అందరమూ క్షేమం.

తప్ప అని ఎందుకన్నానంటే అది ఇప్పుడు లేదు. తెలీకుండా చెయ్యి తగిలే మీట ఉండేది ఎందుకని సుంకప్పను పిలిపించి స్క్రూడ్రైవరుతో ఊడబీకించినా. పోకుండా మీ అత్త పోపులపెట్టెలో, ఆవాల పక్కన పెట్టింది.

ఇంక కనపడని గుర్తుమాట సంగతి. పక్కనోళ్ళు చూడకుండా అంటివి. పక్కనోళ్ళకు నీ కార్డు పుణ్యాన ముందే తెలుసు, తెలీనిది నాకొక్కనికే. కండ్లకు కనపడని అక్షరాన్ని ఎట్ల నమ్మేదప్పా? అందుకని మీ అత్త కాగితం పట్టుకోని ఒక్కొక్క అక్షరమే గట్టిగా చదివింది, నేను ఒక్క వేలితో కొట్టినా. బడి పిల్లోళ్ళు కిటికీలో నిలబడి ఆమె వెనకాల చదివినారు. అయినా "ఇన్‌కరెక్టే". మీ అత్తకు కోపమొచ్చి, నా చదువుకే తప్పుపడతాదా అని లేచిపోయింది.

ఫోను మాట ఎత్తొద్దు. ముప్పై ఏండ్లు పోస్టాఫీసు నడిపినోడు బూతులో నిలబడి "ఆఁ? ఏమి?" అని అరుస్తాంటే చూసినోళ్ళు ఏమంటారు? నువ్వు రాయి, నేను చేస్తా.

ఇట్లు,
మామ

తా.క.: నీ రూమ్మేటు తువ్వాల బాగా నీళ్ళు పీలుస్తాండాదని మీ అత్త చెప్పమనింది.


బెంగుళూరు,
17-9-2006

మామకు నమస్కారాలు.

దయచేసి ఇంకే మీటా పీకొద్దు. సుంకప్పన్నకు కూడా చెప్పు.

గుర్తుమాట నేనే ఇక్కడ తప్పు పెట్టినానేమో అని అనుమానం వచ్చింది. పోనీ, దాన్ని అడగకుండానే లోపలికి పోయే దొడ్డిదారి ఉంది. మిషను ఆన్ చేయగానే మూడు నాలుగు వరుసల పట్టీ వస్తుంది. కింది బాణం మీట ఒకసారి నొక్కి రెండో వరుస మీదికి పోయి ఎంటరు కొట్టు. పేరూ ఊరూ ఏమీ అడగదు. అక్షరాలు పారి పారి ఆగినాక ఈ ఒక్క వరుస కొట్టాల: పి ఏ ఎస్ ఎస్ డబ్ల్యు డి, ఖాళీ, జి ఓ పి ఏ ఎల్ ఏ వై వై ఏ. ఎంటరు కొడితే కొత్త గుర్తుమాట అడుగుతుంది. నీకు ఇష్టమైనది పెట్టుకో. నాకు కూడా చెప్పొద్దు.

ఇంకా నెల దినాలు టైముంది మామా. నేను ఉండా కదా.

మీ అల్లుడు,
భరత్

తా.క.: ఇది కవరు. గోందు వేసి అంటించినా. సుంకప్పన్న దీన్ని కూడా చదివింటే మిషను ఆయనకే ఇచ్చేయి.


శ్రీ

గువ్వలబండ,
22-9-2006

చిరంజీవి భరత్‌కు మామ దీవెనలు. ఈడ అందరమూ ఉండాము, అంతే.

నీ దొడ్డిదారిన పోయినా. పట్టీ వచ్చింది, రెండో వరుస దొరికింది, అక్షరాలు పారినాయి, ఆగినాయి. నువ్వు రాసింది రాసినట్టు కొట్టినా. అది ఏమనిందో తెలుసునా? "కమాండ్ నాట్ ఫౌండ్"! ఆజ్ఞ దొరకలేదంట!

ఏమప్పా, నా కండ్ల ముందర కొట్టిన ఆజ్ఞ, ఆ అద్దం మీదే కనపడతాండే ఆజ్ఞ, దానికి దొరకలేదంట! నా పోస్టాఫీసులో ముప్పై ఏండ్లలో ఒక్క కార్డు పోలేదు. ఇనస్పెక్టర్లు వచ్చి గోనెసంచులు దులిపి చూసినా ఒక్కటి దొరకలేదు. దీని ఇంట్లో ఇప్పుడిచ్చింది ఇప్పుడే పోతాండాది. ఇట్లాంటి గుమాస్తా నా కింద ఉండింటే సాయంత్రానికి ఇంటికి పంపేవాన్ని.

సుంకప్ప చూసి వోల్టేజి చాలదన్నాడు. వాళ్ళ టీవీ స్టెబిలైజరు తెచ్చి పెట్టినాడు. కరెంటు వచ్చేదే పొద్దున మూడు గంటలు. మిషనులో బ్యాటరీ సచ్చింది కాబట్టి, ఆ మూడు గంటలే దీనికి ప్రాణం. స్టెబిలైజరు కుయ్ కుయ్ అంటాది, మిషను ఆజ్ఞ దొరకలేదంటాది, సుంకప్ప పెండ్లాము సీరియలు పోయిందని వాకిట్లో నిలబడి తిడతాది. అందరి పాటా వింటాండా.

ఒరే భరతూ, అటక మీది పుస్తకాలు దింపినా. 1979 పుస్తకాన్ని చెదలు తినేసినాయి. ఒక్క అట్ట మిగిలింది. ఆ ఏడు మంచి వాన పడింది, వాటికీ రుచి తెలిసినట్టుండాది. పక్కనే ఎనభై, ఎనభైఒకటి ఉండాయి. వాటిని వేపాకులో పెట్టి నా మంచం కింద పెట్టుకున్నా. తొందరగా ఏదైనా చూడు నాయనా.

ఇట్లు,
మామ

తా.క.: కేప్స్‌లాక్ మీట కనపడలే. నిన్న చారులో పంటికి ఏదో గట్టిగా తగిలింది. మీ అత్త కరివేపాకు కాడ అనింది.


బెంగుళూరు,
26-9-2006

మామకు నమస్కారాలు.

నీ ఉత్తరం ఆఫీసులో చదివినా. ఇప్పుడు నీ మిషను సంగతి మా టీమంతటికీ తెలిసిపాయ. ఏడుమంది ఇంజినీర్లం మధ్యాహ్నం కంపెనీ పని పక్కన పెట్టి దీని మీదే కూర్చున్నాం. ఒకడు డిస్కు పోయిందన్నాడు. ఒకడు మెమరీ అన్నాడు. మా మేనేజరు చెన్నై ఆయన, కీబోర్డులో పసుపు పడింది అన్నాడు. ఆయన మాటే నిజమనిపించింది. పూజ చేసినా అని నువ్వే రాసినావు కదా. ఏదో ఒక మీట కింద పసుపు ఉండలు కట్టి, నువ్వొకటి కొడితే ఇంకొకటి పడుతుంటుంది.

అందుకని కొత్త కీబోర్డు కొని అదే కండక్టరు చేతికిచ్చినా. పక్కన ఉండే సందులో దూర్చు, చాలు. ఈసారి నాకొక ఉపకారం చెయ్యి మామా. నువ్వు కొట్టిన అక్షరాలు వరుసగా రాయి. అది ఇచ్చిన జవాబు కూడా ఉన్నదున్నట్టు రాయి. ఒక్క అక్షరం కూడా విడిచిపెట్టొద్దు.

మీ అల్లుడు,
భరత్

తా.క.: కీబోర్డును ఈసారి పాత న్యూసుపేపర్లో చుట్టినా.


శ్రీ

గువ్వలబండ,
30-9-2006

చిరంజీవి భరత్‌కు మామ దీవెనలు.

కొత్త కీబోర్డు వచ్చింది. పసుపు పెట్టలేదు, దూరం నుంచే దండం పెట్టినా. పెట్టి కొట్టినా. అదే జవాబు.

నువ్వు అడిగినట్టే రాస్తాండా. నేను కొట్టింది: పి, ఏ, ఎస్, ఎస్, డబ్ల్యు, డి, ఖాళీ, జి, ఓ, పి, ఏ, ఎల్, ఏ, వై, వై, ఏ. అది అనింది: కమాండ్ నాట్ ఫౌండ్. ఏడుమంది ఇంజినీర్లకూ చూపించు.

నాకు చాలైపాయ నాయనా. అంగడి కాడికి పోతే "ఏమి గోపాలయ్యా, నీ వాన ఇంకా పెట్టెలోనే ఉండాదా?" అని నవ్వుతాండారు. నవ్వే వాళ్ళ చేన్లూ ఎండినాయి, వాళ్ళ కోసమే గదా నేను కొట్టుకుంటాండేది! గరాటు పెట్టినప్పుడు నాకు ముప్పైఆరేండ్లు. జరమొచ్చినా, మా నాయన పోయిన దినమూ, పొద్దున ఎనిమిదిన్నరకు పోయి చూసి సున్నా రాసొచ్చినా. ఇన్ని సున్నాలు రాసి, అడిగే దినమొచ్చినప్పుడు చూపించలేకపోతే నేను నిజంగానే పిచ్చోన్ని. నీ మీద కోపం లేదు. మిషను తిరిగి పంపిస్తా, కండక్టరుకు చెప్పు.

ఇట్లు,
మామ గోపాలయ్య

తా.క.: ఒకటి మాత్రం మెచ్చుకోవాల. నీ మిషను పనికిమాలిందే గానీ మర్యాద తెలిసింది. జవాబు చెప్పేముందు ప్రతిసారీ "శ్రీ" అని గౌరవంగా మొదలుపెట్టి, ఆ తర్వాతే దొరకలేదంటాది.


బెంగుళూరు,
4-10-2006, స్పీడ్ పోస్టు

మామా!

మిషను పంపొద్దు! నమస్కారాలు తర్వాత!

నీ తా.క. చదివి కుర్చీలోంచి లేచి నిలబడినా. ఆ మిషను నీకు మర్యాద చేయడం లేదు. నువ్వు కొట్టిన మొదటి మాటను నీకే చదివి వినిపించి, "ఇదెవరో నాకు తెలీదు" అంటాంది. నువ్వు ప్రతి వరుసకూ ముందర ఎస్, ఆర్, ఐ అని శ్రీ కొడుతున్నావు కదా? నీ పేరు ముందర కూడా?

నీ ఉత్తరాలన్నీ తీసి బల్ల మీద పరిచినా. ప్రతిదాని నెత్తినా శ్రీ. నెల దినాలుగా నా కండ్ల ముందరే ఉంది. ఏడుమంది ఇంజినీర్లకు నీ ఉత్తరాలు చూపించినా, ఏడుమందీ కింద చదివినారు గానీ పైన చూసినోడు ఒక్కడు లేడు. పసుపన్న మేనేజరు తల పట్టుకున్నాడు.

మామా, నీ కాళ్ళు పట్టుకుంటా. శ్రీ లేకుండా కొట్టు. దొడ్డిదారి కూడా వద్దు, ముందు దారినే పో. పేరు, ఎంటరు. గుర్తుమాట, ఎంటరు. అంతే. నీకు మనసొప్పకపోతే, శ్రీ అంటే ఏమిటో మిషనుకు నేర్పించే చీటీ కూడా రాసిస్తా. కానీ నేర్పించాలన్నా మొదటి వరుస శ్రీ లేకుండానే కొట్టాల. ఇంకా పన్నెండు దినాలుంది.

మీ అల్లుడు,
భరత్

తా.క.: అడిగినప్పుడు ఒక్క అక్షరం కూడా విడిచిపెట్టొద్దని రాసినా కదా, మూడు విడిచిపెట్టినావు!


శ్రీ

గువ్వలబండ,
18-10-2006

చిరంజీవి భరత్‌కుమార్‌కు మామ గోపాలయ్య మనసారా దీవించి రాసేది. ఈడ అందరమూ క్షేమం. వాన కూడా.

మూడు అక్షరాలు విడిచిపెట్టినా అంటివి. ఒరే, అన్నం తిన్నావా అని అడిగితే చెయ్యి కడుక్కోని తిన్నా అని చెప్తామా? శ్రీ లేకుండా ఎవరైనా మొదలుపెడతారా అని నేననుకుంటి. మనియార్డరు ఫారం మీద కూడా శ్రీ రాసినోన్ని నేను. ఇనస్పెక్టరు మెమో ఇచ్చినా మానలేదు. ఎనభైనాలుగులో ఒక్కసారి తొందర్లో కొత్త పుస్తకం శ్రీ లేకుండా మొదలుపెట్టినా. ఆ ఏడు బావులెండి, గొడ్లను అమ్ముకున్నారు ఊర్లో. నా వల్లనే అని ఇప్పటికీ నా మనసులో ఉండాది. మళ్ళీ ఆ పని చెయ్యమంటివి. మొదటి వరుసే శ్రీ లేకుండానంట! రెండు దినాలు మిషను ముట్టలేదు.

మూడో దినం మీ అత్త రామసుబ్బమ్మ వచ్చి, "ఏమయ్యా, వాన పుస్తకంలో వరుసకొక శ్రీ రాస్తావా, పేజీకొకటా?" అనింది. పేజీకొకటి అన్నా. "మరి ఈ అద్దమంతా ఒక పేజీ కాదా?" అని, కుంకుమ తడిపి అద్దం నెత్తిన తనే శ్రీ రాసింది. నేను ఎంటరు కొట్టినప్పుడల్లా కొత్త పేజీ అనుకోని శ్రీ కొడతాంటి. ఆ శ్రీ కింద నా పేరు కొట్టినా, గుర్తుమాట కొట్టినా. ఏమీ ఎరగనట్టు లోపలికి రమ్మనింది. మూడు పొద్దుల్లో ఇరవైఎనిమిదేండ్ల వానా ఎక్కించినా. 1979 చోట "చెదలు" అని కొట్టినా.

ఇంక అసలు కథ విను. పదహారో తేదీ కమిటీ జీపు ఊర్లోకి వచ్చింది. ఇద్దరు సార్లు, ఒక డ్రైవరు. వాళ్ళు మా వసారాలో కూర్చోని మంచినీళ్ళు అడిగినారో లేదో, గుట్ట మీద నల్లగా కమ్మింది. మొదలైంది వాన! జూన్ నుంచి మొహం చూపించనిది ఆ పొద్దే కుండపోత. వంక పారింది, జీపు బురదలో దిగబడింది, కరెంటు పాయ. నీ మిషను అంత కష్టపడి నేర్చుకోని, ఆ దినమంతా నల్లగా మూలన కూర్చుండింది.

చేసేదేమీ లేక సార్లు మంచం కింది పుస్తకాలు తీయించినారు. మీ అత్త సంగటి పెట్టింది. తింటా, పేజీలు తిప్పతా, పెద్దసారు అడిగేసినాడు: "పెద్దాయనా, ఇవన్నీ పోయిన వారం కూర్చోని రాసినవి కావని ఏమి నమ్మకం?" కండ్లలో నీళ్ళు తిరిగినాయి, దాచేదెందుకు నీ కాడ.

అంతలో వాన వెలిసింది. నేను లేచి గరాటు కాడికి పోయి గ్లాసు చూసినా. అరవైఒకటి మిల్లీమీటర్లు! వసారాలో సుంకప్ప నా చెయ్యి పట్టుకోని చెవిలో, "అన్నా, ఈ పొద్దు రాయొద్దు. ఇది కలిపితే మన ఊరు కరువు గీత దాటిపోతాది. వాళ్ళు పోయినాక రాసుకుందువులే" అన్నాడు. వాకిట్లో సగం ఊరుండాది. అందరూ నా చెయ్యే చూస్తాండారు. ఇన్నేండ్లు నన్ను పిచ్చోడన్న వాళ్ళందరి బువ్వ ఆ పెన్సిలు కింద ఉండాది. అక్టోబరు పేజీ తీసినా. నెత్తిన శ్రీ ఉండాది. దాని కింద ఖాళీ పెట్టినా అబద్ధమే గదప్పా! అరవైఒకటి రాసినా. సుంకప్ప తల కొట్టుకున్నాడు.

పెద్దసారు సంగటి చెయ్యి కడుక్కోని వచ్చి ఆ పేజీ చూసినాడు, నన్ను చూసినాడు. వెనక్కి తిప్పి ఆగస్టులో ముప్పైఒక్క సున్నాలు వేలు పెట్టి లెక్కేసినాడు. "ఊరికి నష్టమని తెలిసి ఈ అరవైఒకటి రాసిన చెయ్యి, ఆ సున్నాలు అబద్ధం రాసుండదు. పంట ఎండినాక పడిన వాన పంటను లేపదు" అని ఊరి పేరు రాసుకున్నాడు. మా వాకిట్లోనే సర్కారు వానడబ్బా పెట్టిస్తా అన్నాడు. జీపును ఊరంతా తోసినాము. నన్ను మాత్రం తోయనీలేదు, కూర్చోమన్నారు.

నిన్న కరెంటు వచ్చినాక మిషనులో కూడా అరవైఒకటి కొట్టినా. చెదలు తినలేని పుస్తకం ఇచ్చినావు, నూరేండ్లు చల్లగా ఉండు నాయనా.

ఇట్లు,
నీ మామ గోపాలయ్య,
వాన పోస్టుమాస్టరు

తా.క.: నీ ఉత్తరాలన్నీ నేనూ తీసి బల్ల మీద పరిచినా. ఒక్కదాని నెత్తినైనా శ్రీ లేదు. వచ్చే ఉత్తరం కూడా అట్లనే వస్తే విప్పను. కవరు మీద "కమాండ్ నాట్ ఫౌండ్" అని రాసి తిప్పి పంపుతా.